ఖాళీ గిన్నెల బరువు

ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన గుడ్డు తిన్నాను. గుడ్డు మీద ఉప్పు వేసుకోలేదన్న సంగతి కూడా ఎప్పటికో గాని తట్టలేదు.

తిని వచ్చి ప్రయోగశాలలో ఫర్నేసు తలుపు తెరిచాను. లోపల ఐదు పింగాణీ గిన్నెలు, ఐదింటిలోనూ తెల్లటి బూడిద. గిన్నెల మీద నేను రాసిన అంకెలు మాత్రం లేవు. నిప్పుకు ఆగే సిరా అయిపోతే, ఆ పొద్దు తొందరలో మామూలు పెన్నుతో రాసేశాను. ముప్పై ఏళ్ళుగా ఎముకలు కాలుస్తున్నవాణ్ణి.

అవి మా మేనకోడలి పరిశోధనకు ప్రాణం. వారం, నెల, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది వయసున్న గొర్రెల ఎముకల పొడి, ఒక్కో గిన్నెలో సరిగ్గా గ్రాము. కాలిస్తే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోతుంది, ఖనిజం బూడిదగా మిగులుతుంది. పిల్ల పెరిగేకొద్దీ ఆ ఖనిజం ఎంత పెరుగుతుందన్నది ఆమె ప్రశ్న. మిగతా ఎముకలన్నీ కొల్లాజెన్ పరీక్షకు ఖర్చయిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఇంకో ఏడాది.

సంగతి చెప్పాక ఆమె వంగి ఫర్నేసులోకి తొంగి చూసింది.

"మీ పెళ్ళిలో మీరు చొక్కా తిరగేసి తొడుక్కున్నారని అమ్మ చెప్తే నమ్మలేదు మావయ్యా," అంది.

అంతటితో వదిలేసినందుకు లోలోపలే దండం పెట్టుకున్నాను. గిన్నెలు చల్లారడానికి గంట పడుతుంది. ఆ గంటా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తుడిచిన త్రాసునే మళ్ళీ తుడిచాను. కిటికీ తీశాను, వేశాను. బూడిదలు తూచి, తక్కువది చిన్నదానిది, ఎక్కువది పెద్దదానిది అని వరస పెట్టేద్దామన్నాను, గొంతు తగ్గించి.

"జవాబు చూసుకుని లెక్క చేసినట్టు కాదూ? అలా చెయ్యొద్దని నేర్పింది మీరే కదా."

సిగ్గేసి మంచినీళ్ళకని నడవలోకి వెళ్ళాను. అక్కడ ఒకేలాంటి స్టీలు గ్లాసులు రెండు. మా ఇంట్లోనూ అలాంటివే ఉండేవి. మా ఆవిడ ఊరికే ఎత్తి చూసి, ఇది నాది, అది మీది అనేది. ఆ బరువు తేడా నా చేతికి ఎన్నడూ తెలియలేదు.

నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చాను. పొడి పోసేముందు ప్రతి ఖాళీ గిన్నెనూ తూచి, అంకెతో, అందులో పోసే ఎముక వయసుతో సహా పుస్తకంలో రాయడం మా పద్ధతి. ఏ రెండు గిన్నెలూ ఒకే బరువు తూగవు.

ఒక్కోదాన్ని బూడిదతో తూచాం. బూడిదను సీసాలోకి వంచి, గిన్నె శుభ్రంగా తుడిచి మళ్ళీ తూచాం. ఆమె బరువు చదివింది, నేను పుస్తకంలో వెతికాను. ఐదూ దొరికాయి.

ఆరు నెలలదాని బూడిద మూడు నెలలదానికంటే వెంట్రుకవాసి తక్కువ.

"అది బక్కది. తిండి సరిగ్గా తినేది కాదు," అంది ఆమె.

నా మాట వినుంటే ఆ రెండూ తారుమారయ్యేవి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, పైకి అనలేదు.

ఫర్నేసు తలుపు ఢామ్మని వేస్తే తప్ప పడదు. ఆ రోజు మాత్రం ఆమె దాన్ని రెండు చేతులతో అదిమి, చప్పుడు కాకుండా మూసింది.