మూడోసారి అడిగిన మాట

ఒగ్గుకథకు ఇద్దరు కావాలి. ఒకరు కథ చెబుతారు, ఇంకొకరు పక్కన నిలబడి అడ్డు తగులుతారు. బుచ్చిరాములు ముప్పై రెండేళ్లుగా అడ్డు తగులుతున్నాడు. కథ చెప్పేది అతని బామ్మర్ది కొండల్. మంథని చుట్టూ ఉన్న ఊళ్లలో కొండల్ గొంతు కోసం సగం మంది వస్తే, బుచ్చిరాములు మాటకు నవ్వడానికి సగం మంది వచ్చేవారు.

వాళ్ల గురువు ఒక కట్టుబాటు పెట్టిపోయాడు. వంత పట్టేవాడు కథ మధ్యలో ఏదైనా అడగవచ్చు. కథకుడు జవాబైనా చెప్పాలి, నవ్వించి దాటైనా పోవాలి. అదే ప్రశ్న మూడోసారి వస్తే దాటిపోవడానికి లేదు. జవాబు చెప్పాలి, లేదంటే చేతిలోని ఒగ్గు, అంటే శివుడి డమరుకం, కింద పెట్టాలి. కింద పెట్టినవాడు ఆ ఊళ్లో మళ్లీ కథ చెప్పడు. ఊళ్లలో ముసలివాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఇన్నేళ్లలో బుచ్చిరాములు ఏ మాటనూ మూడోసారి అడగలేదు.

మే నెలలో అతని భార్య కనకవ్వ చనిపోయింది. ఆమె కొండల్‌కు సొంత చెల్లెలు. గోదావరి కరకట్ట మీద మొక్కలు నాటడానికి గుంతలు తవ్వే కరువు పనికి పోయింది. ఆ రోజు ఎండ నలభై ఆరు డిగ్రీలు. పదకొండున్నరకు గుంత పక్కన కూలబడింది. ఆటో వచ్చేసరికి ప్రాణం లేదు. ఒక కాగితంలో గుండెపోటు అని రాశారు. పనిచోట నీళ్లు, నీడ ఉన్నట్టు ఇంకో కాగితంలో ఉంది. ఆ నీళ్లు, నీడ చూసుకోవలసిన కాంట్రాక్టరు సంతోష్‌రావు. మండలంలో అధికార పార్టీకి పెద్ద కూడా ఆయనే.

బుచ్చిరాములు మూడు ఆఫీసులు తిరిగాడు. మూడు చోట్లా అతన్ని గుర్తుపట్టారు. కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. అతను నోరు తెరవగానే నవ్వడానికి సిద్ధమయ్యారు. అర్జీ మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఇంటికొస్తే పలకరించే మనిషి లేదు. పిల్లలు లేరు. కథ ఉన్న రోజే అతనికి మాట్లాడే పని ఉండేది. మిగతా రోజులు పొయ్యి ముట్టించడం, ఆర్పడం.

ఆరుద్ర కార్తె దాటింది. వాన రాలేదు. అదే కరకట్ట మీద, కనకవ్వ వాళ్లు తవ్విన గుంతల్లో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. వచ్చిన జనాన్ని కూర్చోబెట్టడానికి ఒక ఒగ్గుకథ కావాలన్నారు. సంతోష్‌రావు ముఖ్య అతిథి.

కాళ్లకు గజ్జెలు కట్టుకుంటూ కొండల్ విషయం చెప్పాడు. అతని బిడ్డ సృజన కరీంనగర్‌లో కళాకారిణిగా తాత్కాలిక ఉద్యోగం చేస్తోంది. దాన్ని పర్మినెంటు చేసే ఫైలు పైన ఉంది. సంతోష్‌రావు ఒక మాట చెబితే కదులుతుంది.

"చెల్లె ముచ్చట తియ్యకు బావా," అన్నాడు.

"తియ్య. నవ్వుకుంట అడుగుత."

"గదే వద్దంటున్న. పోరి బతుకున్నది గండ్ల."

బుచ్చిరాములు తలపాగా చుట్టుకున్నాడు.

ఆ రోజు కథ ఒక రాజుది. దేశమంతా తోటలు వేయిస్తాడు. కొండల్ రాజు, బుచ్చిరాములు తోటమాలి.

"నిరుటి తోట ఏదని అడుగకు రాజా. గది కాయితం మీద మంచిగ కాత పట్టింది."

జనం నవ్వారు. వేదిక మీద సంతోష్‌రావు కూడా నవ్వాడు. బుచ్చిరాములు ఆ నవ్వు అయిపోయేదాకా ఆగాడు.

"అయితే ఒక్క మాట చెప్పు రాజా. గుంతలు తవ్విన ఆడామెకు దూపైతే నీళ్లు ఎవలు పోసిండ్రు?"

"వానదేవుడు పోసిండు పోరా," అన్నాడు కొండల్. మళ్లీ నవ్వారు.

"వానదేవుడు గీ యేడు ఇటు దిక్కే రాలే గద. నీళ్లు ఎవలు పోసిండ్రు?"

కొండల్ పాట ఎత్తుకున్నాడు. డోలు కొట్టే వెంకటేశ్ అందుకున్నాడు. ముందు వరుసలో ఆడవాళ్లు నవ్వడం ఆపేశారు. కనకవ్వ పక్క గుంత తవ్విన శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాట సాగినంతసేపూ బుచ్చిరాములు బామ్మర్ది ముఖమే చూశాడు. కొండల్ ఒగ్గు కింద పెడితే సృజన ఉద్యోగం మిగులుతుంది, ఈ ఊళ్లో అతని కథ పోతుంది. జవాబు చెబితే కథ మిగులుతుంది, ఉద్యోగం పోతుంది. అడగకపోతే రెండూ ఉంటాయి. పక్కన నిలబడడానికి తనకూ ఒక మనిషి ఉంటాడు.

పాట అయిపోయింది. బుచ్చిరాములు తోటమాలి గొంతు వదిలేసి, ఇంట్లో మాట్లాడే గొంతుతో అడిగాడు.

"నీళ్లు ఎవలు పోసిండ్రు?"

డోలు ఆగింది. వెనక కూర్చున్న ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. కొండల్ ఒగ్గు వైపు చూశాడు. నడుము సగం వంచాడు. మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

"ఎవలు పొయ్యలే," అన్నాడు. "ట్యాంకరు కాయితం మీద వచ్చింది. కట్ట మీదికి రాలే. చచ్చింది నా చెల్లె."

సంతోష్‌రావు చప్పట్లకు ఎత్తిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

శంకరవ్వ లేచింది. "నీడకు డేరా సుత లేకుండె. పదిమందిమి ఉన్నం ఆడ. అందరం జూసినం," అంది. ఆమె వెనక ఇంకొకామె లేచింది. ఎవరో మైకు ఆపేశారు. ఆడవాళ్లు మైకు లేకుండానే చెప్పారు. అతిథులు మొక్కలు నాటకుండానే కార్లెక్కారు. మొక్కలు ట్రాక్టరు ట్రాలీలో ఎండకు ఉన్నాయి.

కొండల్ సామాను సంచిలో సర్దాడు. ఇద్దరూ వచ్చింది అతని బండి మీదే.

"తప్పు నీది గాదు బావా," అన్నాడు. "గని నీ పక్కకు నిలవడి మల్ల కథ చెప్పుడు నాతోని గాదు."

బండి వెళ్లాక బుచ్చిరాములు గజ్జెలు విప్పుకుని మంథని దాకా నడిచాడు.

నెల తర్వాత కనకవ్వ చావు మీద విచారణకు పెద్దపల్లి రమ్మన్నారు. సృజన పేరు పర్మినెంటు లిస్టులో రాలేదని అప్పటికే వెంకటేశ్ ఫోన్ చేసి చెప్పాడు. విచారణ అధికారిణి మమతారాణి బుచ్చిరాములును ఎరగదు. అతను చెబుతుంటే నవ్వలేదు, ప్రతి మాటా రాసుకుంది. పదిమంది ఆడవాళ్ల వాంగ్మూలాలు అంతకుముందే తీసుకున్నారు.

సంతకం పెట్టమని ఆమె కాగితం ఇటు తిప్పింది. మృతురాలి పుట్టింటి తరఫున అని ఉన్నచోట అప్పటికే ఒక సంతకం ఉంది.

"వాళ్ల అన్న పొద్దున్నే వచ్చిపోయిండు," అంది ఆమె. "మీరు కలిసి రాలేదా?"

లేదన్నాడు. కొండల్ సంతకం కింద తన సంతకం పెట్టి బస్టాండుకు నడిచాడు. మంథని బస్సుకు ఇంకా గంట ఉంది.