జట్టు పెట్టె

మేస్త్రి తోమా సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని తమవైపే రావడం చూసి జానీబీ చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. ఎవరికి ఫోనొచ్చినా ఆమె ముందు చావు కబురే అనుకుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ కాలేదు. అయినా ఆ భయం మాత్రం పోలేదు.

"మీ సిద్దికా ఆఫీసు నుంచి. ఉన్నపళంగా రమ్మంటున్నారు," అన్నాడు తోమా.

"పిల్లకేమన్నా అయిందా?"

"నాకేం తెలుసు. చెప్పిన మాట వినట్లేదంట. పోతే పో, మధ్యాహ్నం కూలి మాత్రం రాయను."

పక్కన తొడిమలు తీస్తున్న వెంకటేశ్వరమ్మ ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుంది. "బతికే ఉందిలేవే. మాట విననోళ్లంతా బతికున్నోళ్లే." చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. జానీబీకి నవ్వు రాలేదు.

పొద్దున్నించి సాయంత్రం దాకా మిరపరాశి ముందు కూర్చుంటే డెబ్భై రూపాయలు. అందులో సగం ఇక్కడే పోయింది. కుళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది గానీ మంట ఎక్కడికి పోతుంది. చీరలో దూరిన కారం అసలే పోదు. షేర్ ఆటోలో ఎక్కగానే అటువైపు కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. డ్రైవరు అద్దంలో చూసి, "ఏంటమ్మా, మిరప యార్డంతా ఒళ్లో పోసుకొచ్చావా?" అన్నాడు. ఆమె కొంగు ముడుచుకుని ఒక మూలకి ఒదిగింది.

దారంతా ఒకటే ఆలోచన. కరెంటు షాకు కొట్టిందేమో. ఎవడన్నా చెయ్యి పట్టుకున్నాడేమో. చెయ్యి పట్టుకుంటే ఫోను చేసి ఎందుకు చెబుతారు, అదీ తోచింది. తోచినా నెమ్మది రాలేదు.

అసలు ఆ ఉద్యోగమే ఆమెకు ముందునుంచీ నచ్చలేదు. కంప్యూటర్లో ఆటలాడితే నెలకు పద్దెనిమిది వందలు ఇస్తారంటే ఎవరు నమ్ముతారు? సిద్దికా ఇంటరు పాసై అప్పటికి ఏడాదిగా ఇంట్లో ఉంది. తండ్రి నాగూర్ వలి దూది పరుపులు కుట్టేవాడు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ పని పోయి, ఒక బట్టల కొట్టు ముందు కాపలా కూర్చుంటున్నాడు. పిల్లను డిగ్రీలో చేర్చాలంటే ఈ ఆటల జీతమే దిక్కు. అందుకని ఒప్పుకుంది. ఒప్పుకున్న మొదటి వారం, ఆ ఆఫీసు కింద జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చుని, పైనించి ఏ కేక వినబడుతుందోనని కాపలా కాసింది. ఏమీ వినబడలేదు, టకటకమనే కీబోర్డు చప్పుడు తప్ప. ఇప్పుడేమో రెండు నెలల జీతం ఆ పైనే ఇరుక్కుపోయింది. డిగ్రీలో చేరడానికి ఆఖరు గడువు ఈ శనివారమే.

బ్రాడీపేటలో ఆటో దిగి మెట్లెక్కింది. తలుపు తియ్యగానే ఏసీ చలి. రెండు వరసల కంప్యూటర్లు, వాటి ముందు పిల్లలు. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో దగ్గర్లో ఉన్న కుర్రాడు తుమ్మాడు, వాడి పక్కవాడు దగ్గాడు. చివర సిద్దికా కుర్చీలో కూర్చుని ఉంది. నిక్షేపంగా ఉంది. జానీబీకి ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది.

ఆఫీసు నడిపే ప్రేమ్‌చంద్ ముప్పై ఏళ్లవాడు, ఆ చలిలో కూడా చెమటలు పోస్తున్నాడు. "రండమ్మా. మీరైనా చెప్పండి మీ అమ్మాయికి. ఒక్క నంబరు చెప్పమంటున్నా. అంతకంటే ఏం అడగట్లేదు."

"ఏం నంబరండీ?"

"చెప్పమంటే చెప్పదు, అదే నా బాధ." అతను స్క్రీను వైపు చెయ్యి చూపించాడు. "ఇది దేశదేశాల జనం కలిసి ఆడే ఆట. ఇందులో ఒక మనిషిని మొదటి మెట్టు నుంచి పైకి తేవాలంటే నెలలు పడుతుంది. డబ్బున్నోళ్లకి అంత ఓపిక ఎక్కడిది? మేం ఆడి పెంచి అమ్ముతాం. మీ అమ్మాయి పెంచిన మనిషిని సింగపూర్‌లో ఒకాయన కొన్నాడు, ఇవాళ అప్పజెప్పాలి. అప్పజెప్పే ముందు, ఈ పిల్లతో కలిసి ఆడే జట్టు పెట్టెలో ఉన్న సరుకు తీసేసుకుంటే నలభై వేలు వస్తాయి. పెట్టెకి తాళంలాగా ఒక అంకె ఉంది. ఆ అంకె ఇక్కడ ఈ పిల్లకొక్కదానికే తెలుసు."

జానీబీ కూతురి పక్కన స్టూలు మీద కూర్చుంది. స్క్రీను మీద తెల్లబట్టలు కట్టుకున్న ఒక ఆడమనిషి కర్ర పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ కత్తులు, డాళ్లు పట్టుకున్నవాళ్లు.

"ఈమేనా నువ్వు?"

"ఊఁ."

"కర్రతో ఎవర్ని కొడతావే?"

"ఎవర్నీ కొట్టలేనమ్మా. నాకా బలం పెట్టలేదు ఆట కట్టినోళ్లు. దెబ్బలు తగిలినోళ్లకి మందు వేస్తా, పడిపోయినోళ్లని లేపుతా. అంతే. నన్ను కుక్కపిల్ల కరిచినా చస్తా."

"మరి అట్టాంటిది ఎందుకు ఎంచుకున్నావు?"

"నేను ఎంచుకున్నానా? సారే ఇచ్చారు. ఒంటరిగా బతకలేదు కాబట్టి దీన్ని పెంచే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే దీనికి రేటెక్కువ." సిద్దికా తెర వైపే చూస్తూ చెబుతోంది. "ఎవరో ఒకరు వెంట పెట్టుకుని తిప్పాలి. మొదట్లో ఏ జట్టూ చేర్చుకోలేదు. ఈ జట్టే చేర్చుకుంది. నాలుగు నెలల్నుంచి నా ముందు నిలబడి దెబ్బలు వాళ్లే తింటున్నారు. ఆటలో చచ్చిపోతే అంతవరకు సంపాదించిందాంట్లో కొంత పోద్దమ్మా. నాకోసం ఎన్నిసార్లు పోగొట్టుకున్నారో. నేను కూలికి ఆడుతున్నానని వాళ్లకి తెలీదు."

"ఎవరే వాళ్లు?"

"ఒకాయన లారీ నడుపుతాడంట. ఒకామె ఆసుపత్రిలో నర్సు. జట్టుకి ఆమే పెద్ద. ఎముకలు, కొమ్ములు, ఇనుము అందరూ తెచ్చి పెట్టెలో వేస్తున్నారు, కోట కట్టుకుందామని. అంకె ఆమె నాకు చెప్పింది. నువ్వైతే తియ్యవని చెప్పింది."

"అంత సరుకుకి ఒకటే తాళమా? మా పొదుపు సంఘం పెట్టెకే రెండు తాళాలు, ఇద్దరి దగ్గర."

"కావాలనే ఒకటి పెట్టారమ్మా ఆట కట్టినోళ్లు. రెండు పెడితే దొంగతనాలు జరగవు. జరగకపోతే జట్టుకీ జట్టుకీ గొడవలుండవు. గొడవల్లేకపోతే జనానికి విసుగుపుట్టి నెలనెలా డబ్బు కట్టడం మానేస్తారు."

ప్రేమ్‌చంద్ ఆ మాట అందుకున్నాడు. "అదీ, మీ అమ్మాయే ఒప్పుకుంది. ఆటలో ఇది తప్పు కాదమ్మా. చెయ్యొచ్చని కంపెనీవాళ్ల రూల్సులోనే ఉంది. ఎవడూ కేసు పెట్టడు. పోయిన వారం వాళ్లే మావి ఆరు అకౌంట్లు మూసేశారు, అమ్మకానికి ఆడుతున్నామని. ఆరుగురి నాలుగు నెలల కష్టం. నేనెవరికి చెప్పుకోను? ఈ కంప్యూటర్లకి వాయిదాలు కట్టొద్దా? ఈ సరుకు అమ్మితే అందరి జీతాలూ ఇచ్చేస్తా. మీ అమ్మాయిది ముందిస్తా. లేదంటే నా దగ్గర లేవు."

జానీబీకి కూతురి మీద విసుగొచ్చింది. ఎక్కడో ముఖం తెలియనివాళ్ల కొమ్ముల కోసం శనివారం పోగొట్టుకుంటుందా ఇది? "చెప్పెయ్యవే," అంది. "నీ జీతం నీ చేతికి రానీ. కాలేజీలో చేరాక ఈ గుమ్మం తొక్కక్కర్లేదు. వాళ్లేమన్నా మన చుట్టాలా?"

"కాదు."

"మరి?"

"ఇప్పటికే మోసం చేస్తున్నానమ్మా. నాలుగు నెలల్నుంచి. ఇంకెంత చెయ్యను?"

"పెద్ద మాటలు మాట్లాడకు. పొద్దున్నించి సాయంత్రం దాకా కారంలో కూర్చునేది ఎవరికోసం?"

సిద్దికా తలెత్తి తల్లిని చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందో, తన చీరలో కారమో జానీబీకి తెలియలేదు. సిద్దికా తల్లి దగ్గరికి వంగి చెవిలో ఆరంకెలు చెప్పింది. మళ్లీ చెప్పింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నా నోటితో చెప్పను. చెప్పాలనుంటే నువ్వే చెప్పు."

ప్రేమ్‌చంద్ జేబులోంచి పెన్ను తీశాడు. "చెప్పండమ్మా."

జానీబీ నోరు తెరిచింది. అంకెలన్నీ వరసగా నాలుక మీదే ఉన్నాయి. ఇంతలో స్క్రీను అడుగున తెల్లటి అక్షరాలు వచ్చాయి, ఒక వరస, దాని కింద ఇంకొకటి.

"ఏమంటున్నారు?"

"గుహ దగ్గర ఆగిపోయారంట. నేను రాకుండా లోపలికి పోలేరు. ఒంట్లో బాగోలేదా, అన్నం తిన్నావా అంటున్నారు."

"వీళ్లకెందుకంట నీ అన్నం?" అంది జానీబీ. కొమ్ములూ ఎముకలూ ఆమెకు అర్థం కావు. నలుగురూ తెచ్చి ఒక పెట్టెలో వేసుకోవడం అర్థమవుతుంది. వారానికి పదేసి రూపాయలు వేసుకునే సంఘం పెట్టె రెండో తాళంచెవి తన కొంగుకి కట్టినప్పుడు, ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. దొంగలొస్తారని కాదు, తాళంచెవి తన దగ్గరుందని.

"ఏమ్మా, గుర్తు లేదా?"

ఉంది, అందామనుకుంది. లేదని అబద్ధమాడినా సరిపోయేది.

"చెప్పనండి," అంది.

అంత నెమ్మదిగా అంది గాబట్టి ప్రేమ్‌చంద్ ఇంకా పెన్ను పట్టుకునే ఉన్నాడు. "ఏంటీ?"

"చెప్పనండి. మీరు వేరేగా ఏమన్నా చూసుకోండి."

"తమాషాగా ఉందా నీకు? నా అకౌంటు అంకె దాచిపెట్టారని పోలీసు రిపోర్టు ఇస్తే ఏమవుద్దో తెలుసా? ఆడపిల్ల పేరు ఊళ్లో ఎట్టా నలుగుద్దో తెలుసా?" మీరు పోయి నువ్వు వచ్చింది.

జానీబీ జీవితమంతా భయపడింది ఇలాంటి మాటకే. స్టేషను, కూతురి పేరు, వీధిలో జనం అన్నీ కళ్లముందు తిరిగాయి. ఇప్పుడు కూడా అంకెలు చెప్పేయొచ్చు. ఎందుకో కూతురి భుజం మీద చెయ్యి వేసింది. కారం చెయ్యి అని గుర్తొచ్చి తీసేసింది.

"సిద్దికా. అంకె మార్చుకోమని ఆ పెద్దామెకి చెప్పవే."

పిల్ల వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తాయి. ప్రేమ్‌చంద్‌కు సంగతి తెలిసేసరికి ఒక వరస నిండింది. రెండో వరస సగంలో ఉండగా అతను బల్ల కిందికి వంగి వైరు లాగేశాడు. తెల్లబట్టల మనిషి, గుహ, జట్టు అన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి.

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగింది. ఆ చివర ఎవరో తుమ్మారు.

"వాళ్లకి చేరిందా?" అని అడిగింది జానీబీ.

"తెలీదమ్మా."

"నడవండి బయటికి," అన్నాడు ప్రేమ్‌చంద్, వైరు చేతిలోనే ఉంది. "ఇద్దరూ."

సిద్దికా లేచింది. జానీబీ లేవబోయి, మళ్లీ కూర్చుంది. స్టూలు అంచు రెండు చేతులా పట్టుకుంది.

"మా పిల్ల రెండు నెలల జీతం ఉందండి," అంది.