మేడమ్ మీటింగుకి మాక్ డ్రిల్

శుక్రవారం సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఫోను రీనా చేతికిచ్చాడు. మా క్లాసు టీచరు తనుశ్రీ మేడమ్ పంపిన మెసేజ్ అది. నాన్న హిందీ బాగానే మాట్లాడతాడు, చదవడమే కష్టం. చెల్లెలు రీనా ఇక్కడే, జంషెడ్‌పూర్‌లోనే పుట్టింది. మూడో తరగతే అయినా గడగడా చదివేసింది. రేపు స్కూల్లో పేరెంట్స్ మీటింగు. అమ్మా నాన్నా ఇద్దరూ తప్పకుండా రావాలి. హాఫ్ ఇయర్లీ మార్కులు చూశాక, హేమను తొమ్మిదో తరగతి నుంచి ఎనిమిదిలోకి మార్చే విషయం మాట్లాడాలి.

హేమ అంటే నేనే. చిక్కుడుకాయలు ఒలుస్తున్నదాన్ని, చేతిలోది ఈనె తీయకుండానే గిన్నెలో పడేశాను.

ఎనిమిది వరకు నేను సోంపేట దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో తెలుగు మీడియంలో చదివాను. ఈ వేసవిలోనే ఇక్కడ బిర్సానగర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చి, హిందీ మీడియంలో తొమ్మిదిలో చేరాను. ఒకసారి పాసైన క్లాసులో మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. నాకంటే చిన్నపిల్లల పక్కన, నా పొడుగుతో. ఆ గదికి వెళ్ళాలంటే మా క్లాసు ముందు నుంచే నడిచి వెళ్ళాలి. ముందుగా నాకు గుర్తొచ్చింది అదే.

అమ్మ కుట్టుమిషను దగ్గర ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. తల ఎత్తకుండానే తాను రానంది. మొదటి మీటింగుకీ అలాగే అంది. ఆ రోజు నాన్నకు షిఫ్టు పడింది, ఇద్దరూ వెళ్ళలేదు.

"నానొచ్చి ఏటి సేత్తాను మావా? ఆ మేడమ్ ఏటడుగుతాదో, నానేటి సెప్పాలో" అంది.

నాన్న పీట మీద కూర్చుని ఆలోచించాడు. నాన్న పేరు ఆదిబాబు. ప్లాంటులో కాంట్రాక్టరు కింద రిగ్గరు. అంటే క్రేన్ కొక్కేనికి బరువులు కట్టే పని. అక్కడ ఏ పెద్ద పనికైనా ముందు మాక్ డ్రిల్ అని ఒకటి చేస్తారట. సైరను మోగితే ఎవరు ఎటు వెళ్ళాలి, ఎవరు ఎవరికి చెప్పాలి, అంతా నిజంగా జరుగుతున్నట్టే ఒకసారి ఆడి చూస్తారట. నాన్నకు ఆ డ్రిల్లు మీద చాలా నమ్మకం. రీనా పుట్టే ముందు కూడా ఇంటి నుంచి ఆసుపత్రికి ఆటోలో ఒకసారి ఉత్తినే వెళ్ళొచ్చారని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

"డ్రిల్లు సేద్దాం. ఒలే, మిషను మీద గుడ్డ తియ్యి. అదే మేడమ్ టేబులు" అన్నాడు.

మేడమ్‌గా ముందు రీనా కూర్చుంది. నాన్న గుమ్మం బయట నిలబడి, "మే ఐ కమిన్ మేడమ్" అని వంగి లోపలికి వచ్చాడు. అమ్మ ఆయన వెనకే తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. రీనా కాలు మీద కాలు వేసుకుని, పిల్లలకు రోజూ చౌమీన్ నూడుల్స్ కొనిపెట్టాలని, చెల్లెలికి అక్క కంటే ఎక్కువ కొనాలని హిందీలో ఆర్డరు వేసింది. నాన్న ఆమెను మేడమ్ ఉద్యోగం నుంచి తీసేశాడు.

"నువ్వు కూకో హేమా. నీ మేడమ్ ఎలగుంటాదో నీకే తెలుసు గదా."

నేను తల అడ్డంగా ఊపాను. స్కూల్లో నోరు తెరవని దాన్ని, ఇంట్లోనూ తక్కువే మాట్లాడతాను. నాన్న బలవంతపెట్టలేదు. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంటుందా అని మాత్రం అడిగాడు. పెట్టుకుంటుందన్నాను. ఆయన చొక్కా జేబులోంచి ప్లాంటులో పెట్టుకునే సేఫ్టీ గాగుల్స్ తీసి నాకు తొడిగాడు. అవి నా చెవుల నుంచి జారుతుంటే అమ్మ వచ్చి వెనక రబ్బరు బ్యాండు వేసి బిగించింది.

గీతలు పడిన ఆ అద్దాల వెనక నుంచి చూస్తే ఇల్లు కొంచెం మసకగా, కొంచెం దూరంగా ఉంది. ఎందుకో భయం కూడా దూరంగా జరిగినట్టనిపించింది. డ్రిల్లు హిందీలోనే చేయాలని నాన్న షరతు పెట్టాడు. సరేనన్నాను.

నిజానికి తనుశ్రీ మేడమ్ మీటింగులో ఎలా మాట్లాడుతుందో నాకు తెలియదు. అందుకని మా ఊరి హెడ్మాస్టరు గారు అడిగే ప్రశ్నలే అడిగాను. మీరు పిల్లను కొడతారా? "హమ్ మార్తే నహీ మేడమ్", మేము కొట్టం అని నాన్న చేతులు కట్టుకుని చెప్పాడు. రాత్రి ఎప్పటిదాకా ఫోను చూస్తుంది? తొమ్మిదికి ఫోను బందు. ఇంట్లో పని ఎక్కువ చెబుతారా? చిక్కుడుకాయలు మాత్రమే. రీనా కింద పడి నవ్వుతోంది. నాన్న ప్రతి జవాబూ రెండేసి సార్లు చెప్పి బట్టీ పడుతున్నాడు.

తరువాత ఆయన ఒక ప్రశ్న అడిగాడు. అది డ్రిల్లులో లేదు.

"మరి మా పాప ఎలగుంది మేడమ్?"

అది మాత్రం తెలుగులోనే అడిగాడు. నేను హిందీలోనే జవాబు చెప్పాను. ఇంట్లో అంత హిందీ నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మీ హేమ వెనక బెంచీలో కూర్చుంటుందని మేడమ్‌లాగే చెప్పాను. పాఠం దానికి అర్థమవుతుంది. సైన్సులో పెద్ద పెద్ద మాటలు చాలావరకు తెలుగులోనూ హిందీలోనూ ఒకటే, వాటితో చిక్కు లేదు. వాటి మధ్య వచ్చే చిన్న చిన్న మాటలే దానికి దొరకవు. నేను ప్రశ్న అడిగి లేపినప్పుడు దాని దగ్గర జవాబు ఉంటుంది, తెలుగులో. దాన్ని హిందీలోకి మార్చుకునేలోపు నేను పక్క పిల్లను లేపేస్తాను. ఇంకా నలభైమంది ఉన్నారు కదా, ఏం చేయను. పరీక్షలోనూ అంతే. సగం పేజీ రాసేసరికి గంట కొడతారు. దానికి ఏమీ రాదని నేను అనుకుంటాను.

మిషను పక్కన నిలబడ్డ అమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. హిందీ అయినా ఆమెకు అంతా అర్థమైంది.

నాన్న గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ మాకెందుకు సెప్పలేదు మేడమ్ ఆ పిల్ల?" అన్నాడు.

"పెద్దకూతురు ఇన్నేళ్ళకు ఇంటికొచ్చిందని మీరిద్దరూ సంతోషంగా ఉన్నారు కదా. అందుకు" అన్నాను.

రీనా కూడా నవ్వడం ఆపేసింది. అమ్మ లేచి వచ్చి నా వెనక రబ్బరు బ్యాండు విప్పింది. విప్పేటప్పుడు రెండు వెంట్రుకలు చిక్కుకుంటే, వాటిని తెగకుండా ఒక్కొక్కటే తీసింది. ఆ తరువాత ట్రంకు పెట్టెలోంచి తన నీలం చీర తీసి ఇస్త్రీకి పెట్టింది. రేపు తను వస్తుందని మాకందరికీ అలా తెలిసింది.

మర్నాడు ఆటోలో వెళుతున్నంతసేపూ నాన్న పెదవులు కదుపుతూనే ఉన్నాడు. స్కూలు వరండాలో చాలామంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. మా వంతు వచ్చింది. నాన్న "మే ఐ కమిన్" అన్నది బాగానే అన్నాడు.

తనుశ్రీ మేడమ్‌కు జలుబు చేసింది. చేతిలో రుమాలుతో లేచి నమస్కారం పెట్టింది. కుర్చీలు చూపించి, ఇల్లు ఎక్కడ, రావడానికి ఇబ్బంది పడ్డారా అని మెల్లగా అడిగింది. నేను డ్రిల్లులో ఆడిన మేడమ్‌కూ ఈమెకూ పోలికే లేదు. నాన్న గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"హమ్ మార్తే నహీ మేడమ్" అన్నాడు.

మేడమ్ రుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. తరువాత ఆమె, హేమ మీతో ఇంట్లో మాట్లాడుతుందా అని అడిగింది. తొమ్మిదికి ఫోను బందని నాన్న చెప్పాడు. నేను నేల చూశాను. నాన్నకు తన డ్రిల్లు తప్పిందని తెలిసిపోయింది. ఆయన మెడ మీద చెమట పట్టింది.

మేడమ్ నా పేపర్లు బల్ల మీద పరిచింది. రాసినంతవరకు తప్పు లేదు, కాని అన్నీ సగమే. క్లాసులో లేపితే ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. ఎనిమిదికి మార్చడం శిక్ష కాదని, ఒక ఏడాది ఆగితే పునాది గట్టిపడుతుందని, వచ్చే ఏడు బోర్డు పరీక్ష అని ఆమె చెప్పింది. కోపంగా చెప్పలేదు. అందుకే ఇంకా భయమేసింది. కోపమైతే తగ్గుతుంది.

నాన్న నోరు తెరిచాడు, మాట రాలేదు. రాత్రి నేను చెప్పినదంతా ఆయనకు తెలుసు. చెప్పాల్సిన సమయానికి మొత్తం ఎటో పోయింది. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాన్నను అలా చూడడం మాత్రం అదే మొదటిసారి.

అమ్మ కొంగు సర్దుకుంది. వింటే అర్థమవుతుంది గాని, ఆమె మాట్లాడేది బజారు హిందీ, కూరగాయలకూ ఫాల్సుకూ సరిపోయేంత.

"మేడమ్, కల్ ఏ మేడమ్ బనీ థీ" అంది, నన్ను చూపిస్తూ. "ఘర్ మే. బహుత్ అచ్ఛా బోలీ."

మేడమ్‌కు అర్థం కాలేదు. నిన్న ఇంట్లో ఇది మేడమ్ అయిందని, కుర్చీలో కూర్చుని అన్నీ చెప్పిందని, అలా కూర్చోబెడితే చెబుతుందని అమ్మ హిందీ చాలని చోట తెలుగు కలిపి, రెండూ చాలని చోట చేతులతో చెప్పింది. నాన్న దానికి సాక్ష్యంగా జేబులోంచి గాగుల్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

మేడమ్ ఆ గాగుల్స్‌ను చూసింది, నన్ను చూసింది. తరువాత లేచి తన కుర్చీ నా వైపు జరిపింది.

కూర్చున్నాను. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. గాగుల్స్ చేతిలోకి తీసుకున్నాను గాని పెట్టుకోలేదు. మేడమ్ నాన్న పక్కన నిలబడి, మరి ఈ హేమ అనే అమ్మాయి ఎలా చదువుతోంది అని నన్నడిగింది. నేను నిన్నటి మాటలే చెప్పాను. మధ్యలో రెండుచోట్ల ఆగిపోయాను. పక్క పిల్లను లేపేస్తాను అనే దగ్గరకు వచ్చాక అమ్మ వైపు చూశాను, ఎందుకంటే మేడమ్ ఎదురుగానే ఉంది. అమ్మ తల ఊపింది. చెప్పేశాను.

మేడమ్ కాసేపు నా పేపర్లు తిరగేసింది. పూర్తి చేసిన ఒక జవాబు రెండుసార్లు చదివింది. చదివి, అక్కడే నిలబడి నన్ను ఒక ప్రశ్న అడిగింది. పెద్ద హాలులో ప్రతిధ్వని వినపడుతుంది, మన చిన్న గదిలో ఎందుకు వినపడదు?

నాకు తెలుసు. తెలుగులో వెంటనే వచ్చేసింది. మార్చుకోవడం మొదలుపెట్టాను. వరండాలో ఎవరో పెద్దాయన లోపలికి తొంగి చూశాడు, ఆలస్యమవుతోందని. మేడమ్ చెయ్యి ఎత్తి ఆయన్ని ఆగమంది. ముక్కు తుడుచుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. నాన్న పిడికిలి బిగించి ఉన్నాడు, క్రేన్ కొక్కేనికి కట్టిన బరువు గాల్లో ఉన్నట్టు.

గోడ దగ్గరగా ఉంటే, తిరిగొచ్చే శబ్దం చాలా తొందరగా వచ్చేస్తుందని చెప్పాను. మొదటి శబ్దం మన చెవిలో ఇంకా ఉండగానే వచ్చి దానిలో కలిసిపోతుంది. అందుకే రెండోది వేరుగా వినపడదు. గోడ దూరంగా ఉంటే, కొంచెం ఆగి వస్తుంది, అప్పుడు వినపడుతుంది.

హిందీలో 'కా' అనాల్సినచోట 'కీ' అన్నానని చెబుతుండగానే తెలిసింది. మేడమ్ సరిదిద్దలేదు. వరండాలో పెద్దాయనే "సహీ బోలీ" అన్నాడు, సరిగ్గానే చెప్పిందని.

తనుశ్రీ మేడమ్ రిజిస్టరులో ఎర్ర పెన్నుతో నా పేరు ఎదురుగా ఏదో కొట్టేసి, పక్కన ఏదో రాసింది. యాన్యువల్ పరీక్షల వరకు తొమ్మిదిలోనే అని చెప్పింది. సోమవారం నుంచి మొదటి బెంచీ. రోజూ క్లాసు అయ్యాక ఒక్క జవాబు తనకు నోటితో చెప్పాలి, ఎంతసేపు పట్టినా సరే. అప్పటికీ పేపర్లు సగమే రాస్తే మాత్రం ఎనిమిది తప్పదని కూడా అంది. నేను తల ఊపబోయి ఆగి, "జీ మేడమ్" అన్నాను. అప్పుడు గుర్తొచ్చి కుర్చీలోంచి లేచాను.

గేటు బయటికి వచ్చాక నాన్న మెడ మీద చెమట తుడుచుకున్నాడు. తరువాత, డ్రిల్లులో ఒక లోటు ఉందన్నాడు. మేడమ్ మంచిదైతే ఏం చేయాలో మనం చూసుకోలేదన్నాడు.

"వచ్చే మీటింగుకి నాను మేడమ్‌ని" అంది అమ్మ.

బిర్సానగర్ ఆటోలో మా ఎదురుగా ఇద్దరు తెలియనివాళ్ళు కూర్చున్నారు. అమ్మ నా చేతిలోంచి గాగుల్స్ తీసుకుని, నీలం చీర కొంగుతో అద్దాలు తుడిచి, పెట్టుకుంది. నాన్న వైపు తిరిగి, పిల్లని కొడతావా అని చాలా గట్టిగా హిందీలో అడిగింది.

ఆ ఇద్దరూ నాన్నను ఎగాదిగా చూశారు. నాన్న చేతులు కట్టుకున్నాడు.

"హమ్ మార్తే నహీ మేడమ్" అన్నాడు.