లేని అరుగు

బస్సు కంకిపాడు దాటగానే ఎలీషా మాస్టారు జేబురుమాలు మీద రెండు చుక్కలు అత్తరు వేసుకున్నాడు. సొంతూరు వెళ్ళినప్పుడల్లా ఆయనకది అలవాటు. క్రైస్తవ వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. డెల్టా పల్లెల్లో సంఘాలు ఎలా పుట్టాయో గట్ల వెంట తిరిగి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని విని, పుస్తకం రాశాడు. అన్ని ఊళ్ళ సంగతీ ఉన్నదున్నట్టు రాసి, సొంతూరి దగ్గరకొచ్చేసరికి కలం పక్కకి తిప్పాడు. తొలి ఆరాధన ఒక పెద్ద రైతు ఇంటి అరుగు మీద జరిగిందన్నాడు. నిజానికి జరిగింది తన తాత పాకలో, తోళ్ళు నానబెట్టే లంద పక్కన.

పామర్రులో దిగి ఆటో ఎక్కాడు. చర్చి ముందు షామియానా, గ్రానైటు పరిచిన కొత్త అరుగు, దానికి గుడ్డ కప్పిన పాలరాయి. పాస్టరు ఇశ్రాయేలు ఎదురొచ్చాడు.

"మీ పుస్తకం చూసే కట్టించామండీ. తొలి ఆరాధన జరిగిన అరుగని రాయించాం. మీ చేత్తోనే తెరవాలి."

ఎలీషా పాలరాయి మీంచి చూపు తిప్పుకున్నాడు. "మా అత్తని చూసొస్తానయ్యా," అన్నాడు.

మేనత్త సీతారావమ్మ ఇల్లు చర్చి వెనక వీధిలోనే. కొన్నాళ్ళుగా మంచం దిగడం లేదు. తొలి ఆరాధన నాడు పాకలో చాపలు పరిచిన పిల్ల ఆవిడే. మంచం పక్కన పొట్టి పీటలా వేసిన చెక్క ఉంది. దాని మీదే తాత తోళ్ళు గీకేవాడు. ఆదివారం పూట దాన్నే కడిగి బైబిలు పెట్టేవాళ్ళు.

"అరుగు కట్టారంటగా. మా నాయన పాక నీకు కంపు కొట్టిందట్రా?"

"తప్పయిపోయిందత్తా."

"నాకు చెబితే ఏం లాభం? నాకు తెలవందా ఏంది? మైకులో చెప్పు." ముక్కు చిట్లించింది. "మళ్ళీ ఈ సెంటొకటి. చెప్పినాకే గంజి తాగుతా, పో."

చర్చి దగ్గర మైకు చేతికిచ్చారు. ముందు వరసలో బెజవాడ నుంచి వచ్చిన శిష్యులు. వెనక, చందాలిచ్చిన ఆడవాళ్ళు కొత్త చీరల్లో.

"ఈ అరుగు..." అని ఆగాడు. అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు. "ఈ అరుగు మన పెద్దల విశ్వాసానికి గుర్తు," అని గుడ్డ లాగేశాడు. చప్పట్లు మోగాయి.

భోజనానికి ఆగకుండా వెనక వీధికి నడిచాడు. చెప్పేశానత్తా, అందరూ విన్నారు అనాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. వసారాలో ఆడవాళ్ళు మూగి ఉన్నారు. అత్త మనవరాలు రుచిత కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడే పోయింది మావయ్యా. నీ మాట వినాలని తలుపులు బార్లా తీయించుకుంది. మైకు ఇక్కడికి బాగానే వినపడింది. అంతా విని, గంజి పక్కన పెట్టెయ్యమంది. అంతే."

ఎవరో కుర్చీ వేశారు. ఎలీషా నేల మీదే కూర్చున్నాడు. జేబురుమాలు కోసం వెళ్ళిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. మంచం పక్కన చెక్క మీద, తాత కత్తి గీతల నడుమ, నిండు గ్లాసులో గంజి మీగడ కట్టి ఉంది.