ఐదు గంటల నిమ్మరసం

"ఏం కలిపినవ్ ముసలోడా? చెప్పు, ఏం కలిపినవ్ అండ్ల?"

దీక్షలు నడిపే మొండయ్య అరుపుకు డేరాలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఇటు తిరిగారు. బాబామియా కాలరు అప్పటికే ప్రకాశ్ పిడికిట్లో ఉంది. జంపఖానా మీద ప్రకాశ్ చెల్లెలు గీత వెల్లకిలా పడి ఉంది. పదహారేళ్ల పిల్ల. రెండు నిమిషాల క్రితం నిమ్మరసం గ్లాసు అందుకుని డేరా వెనక్కి వెళ్లింది. ఖాళీ గ్లాసుతో తిరిగొస్తూ నిలువునా కూలిపోయింది.

"పురుగుమందు వాసనొస్తంది!" ఎవరో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అన్నారు.

అంతే. బాబామియా వీపు మీద మొదటి దెబ్బ పడింది.

సకల జనుల సమ్మె మొదలై ఆ రోజుకు పద్దెనిమిది రోజులు. భూపాలపల్లిలో బొగ్గుగనులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. చౌరస్తాలో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. పొద్దున పదింటికి కూర్చోవడం, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగి లేవడం, మర్నాడు మరో జట్టు. డేరా కట్టేది, విప్పేది, నిమ్మకాయలు పిండేది బాబామియా. టెంట్‌హౌస్‌లో ముప్పై ఏళ్ల నౌకరీ. ఊళ్లో పెళ్లయినా, చావయినా, ఎన్నికలయినా మొదటి గుంజ పాతేది అతనే, చివరి తాడు విప్పేదీ అతనే. మధ్యలో జరిగే తంతులో అతనిని ఎవరూ చూసింది లేదు.

ఈరోజు అందరూ చూస్తున్నారు.

గీతను జీపులో వేశారు. బాబామియాను కూడా ఈడ్చి వెనక ఎక్కించారు. పక్కన ప్రకాశ్, ఎదురుగా మొండయ్య. దారి పొడవునా ప్రకాశ్ ఒక్క మాటే అంటున్నాడు.

"మా చెల్లెకేమన్నయితె నిన్ను గీడ్నే బొంద పెడ్త."

బాబామియా నిమ్మపులుపుకు పగిలిన వేళ్లు చంకల్లో దాచుకున్నాడు. ఒక్క మాట చెబితే తను బతుకుతాడు. ఆ మాట నాలుక చివరే ఉంది. కానీ చెప్పనని ఆ పిల్లకు మాటిచ్చాడు.

గీత నిమ్మరసం తాగలేదు. ఈరోజే కాదు, ఏ రోజూ తాగలేదు.

ఆ సంగతి అతనికి మూడో రోజే తెలిసింది. నలభై ఏళ్లుగా రంజాన్ రోజాలు ఉంటున్నవాడు. పొద్దంతా కడుపు మాడ్చుకున్న మనిషి మొదటి గుక్క ఎలా తాగుతాడో తెలియనివాడు కాదు. అప్పుడు కళ్లు వాటంతటవే మూతపడతాయి. గీత కళ్లు మూతపడలేదు. గ్లాసు పెదవులకు ఆనించి అటూ ఇటూ చూసింది. అనుమానమొచ్చి సుత్తె పట్టుకుని, గుంజ సరిచేసే వంకతో అతను వెనకే వెళ్లాడు. ఆ పిల్ల రసమంతా గుంజ మొదట్లో పారబోస్తోంది. అక్కడ నేల మీద అప్పటికే చీమల బారు.

"బాబా, ఎవ్వలికి చెప్పకు. నీ కాళ్లు మొక్కుత."

"తినకుంటె ఎట్ల బేటా?"

"ఇంట్ల తింట గద."

నమ్మాడు. నమ్మడమే తేలిక. రిలే దీక్షంటే రోజుకొకరు కూర్చోవాలి. జట్టులో ఎవరు రాకపోయినా ఆ చోట గీత కూర్చునేది. పద్దెనిమిది రోజుల్లో పద్నాలుగు రోజులు. ఆ పిల్ల బొద్దు చెంపలు లోపలికి పోతుంటే, ప్రకాశ్ మైకులో "నా చెల్లె ఉద్యమం బిడ్డ" అని గర్వంగా చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఇక ఆ పిల్లను తినమనేదెవరు?

ప్రకాశ్ కాలరు వదలకుండానే బాబామియాను దవాఖానలోకి లాక్కొచ్చాడు. డాక్టరమ్మ గ్లాసు సంగతి విని మొహం చిట్లించింది. "విషమా? అయితే కడుపు కడగాలె. గొట్టం తీయండ్రి."

గీతకు సగం తెలివి వచ్చింది. గొట్టం చూసి తల అడ్డంగా ఊపుతోంది. నర్సు ఆమె చేతులు పట్టుకుంది. ఆ కళ్లు బాబామియా కోసం వెతికాయి. వద్దంటున్నాయో, కాపాడమంటున్నాయో అతనికి అర్థం కాలేదు.

గొట్టం నోటి దగ్గరికొచ్చింది.

"ఆగు అమ్మా!" బాబామియా గొంతు చీరుకుపోయింది. "ఆ పిల్ల తాగలే. ఒక్క దినం గూడ తాగలే. డేరా ఎనుక పారబోస్తది. నేను చూసిన."

ప్రకాశ్ చెయ్యి లేచింది. "అబద్ధాలాడ్తున్నవా, లుచ్ఛా!"

"కొట్టు బేటా. కొట్టి పోయి ఆ గుంజ కాడ చూడు. చీమలున్నయ్. విషమైతె చీమలుంటయా?"

డాక్టరమ్మ గొట్టం పక్కన పెట్టింది. గీత వేలు పొడిచి రక్తపు చుక్క తీసి చూసింది. గబగబా గ్లూకోజ్ ఎక్కించింది. మణికట్టు పట్టుకుని, గోళ్లు చూసి, ఓణీ కింద ఎముకలు తేలిన భుజం తడిమింది.

"విషం లేదు, ఏం లేదు. కడుపుల బువ్వనే లేదు. ఎన్ని దినాలసంది బిడ్డా?"

అప్పటికి తల్లి రామి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ మాట చెవిన పడి గుమ్మంలోనే కూలబడింది. "పొద్దుగాల పెడితె దీక్షంటది. మాపటికి పెడితె డేరాల పండ్లిచ్చిండ్రు, కడుపు నిండిందంటది. మొన్న దాని పుస్తకాల సంచిల నాలుగు రొట్టెలు ఎండిపోయి దొరికినయ్ డాక్టరమ్మా. ఎలుక కోసం పెట్టిననన్నది. నేను నమ్మిన."

"తిండి మానుకునే రోగమిది. ఇంకా ముదరలే," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "గిప్పుడే దొరికింది, నయమైతది. కని గిది సూదితోని పోయేది గాదు. ఈ పిల్లతోని మాట్లాడాలె."

రామి మంచం పట్టె పట్టుకుని పైకి లేచింది. "తినొద్దని నీకెవలు చెప్పిండ్రే? చెప్పు బిడ్డా. పేరు చెప్పు."

గీత పెదవులు ఎండి అంటుకుపోయాయి. పైకప్పు వంక చూస్తూనే అంది.

"అన్న."

ప్రకాశ్ బిత్తరపోయాడు. "నేనా? నేనేమన్ననే?"

"సమ్మె షురువైననాడు. తెలంగాణ తల్లి లెక్క నన్ను ట్రాక్టర్ మీద నిలబెడ్తమన్నరు గద. నేను చీర కట్టుకోని వచ్చిన. నువ్వు మైకుల ఏమన్నవ్? మా చెల్లె ఎక్కితె ట్రాక్టర్ ముందల టైర్లు గాల్లకు లేస్తయ్ అన్నవ్."

ప్రకాశ్ పిడికిలి కాలరును వదిలింది. ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

రామి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఒక్క మాటకా బిడ్డా? నీ అన్న పరాచికానికి అన్న ఒక్క మాటకా?"

"మాట గాదు యాడీ." తల్లిని తమ తండా మాటలో పిలిచి గీత కళ్లు మూసుకుంది. "ఆ చీరతోని గట్లనే నిలబడ్డ. అందరు నవ్విండ్రు. గుర్తున్నది నాకు, ఎవలెవలు నవ్విండ్రో."

బాబామియాకు ఆ పొద్దు కళ్ల ముందుకొచ్చింది. తను ట్రాక్టర్ పైనే ఉన్నాడు, పరదా కడుతూ. తాడు చేతిలోంచి జారిపోయేంతగా, కళ్లలో నీళ్లొచ్చేంతగా నవ్వాడు. ఆ పిల్ల కళ్లు తెరిచి తన వైపు తిరగకూడదని అల్లాను వేడుకున్నాడు.

గీత కళ్లు తెరిచింది.

"బాబా," అంది. "నువ్వు గూడ."