ఉప్పు తక్కువైన ఫొటో

గద్వాల పాత బస్టాండు పక్కన గౌస్ నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లుంటే, కిటికీ దగ్గరి దానికి మాత్రం పల్చటి గుడ్డ కప్పి ఉండేది, ఈగలు వాలకుండా. రోజూ మూడింటికి మెస్సు కట్టేశాక స్వరూప వచ్చి ఆర్కుట్లో తన వంటల ఫొటోలు పెట్టేది అందులోనే. ఆమె ఫొటో పెడితే వాసనా రుచీ తెర దాటి వచ్చేవి. అది ఎవరికీ వింత కాదు. తాలూకాఫీసు గుమాస్తా తిమ్మప్ప అయితే ఇంటి నుంచి కూర తెచ్చుకోవడమే మానేశాడు. ఒట్టి అన్నం డబ్బా విప్పి ఆ తెర ముందే తినేవాడు.

స్వరూపది ఇటిక్యాల. ఎనిమిదేళ్లుగా ఎవరి మెస్సులోనో, ఎవరి పొయ్యి మీదనో జొన్నరొట్టెలు కొడుతోంది. ఇప్పుడు బెంగళూరులో ఒక మేడమ్ జొన్నరొట్టెల హోటల్ పెడుతోంది. వంటిల్లు మొత్తం ఒకరి చేతికి అప్పగిస్తుందట. కాకపోతే ఆమెకు ఇంగ్లీషు తప్ప రాదు, మధ్యవర్తులంటే గిట్టదు. నెల తర్వాత వచ్చే గురువారం ఆర్కుట్లోనే నేరుగా మాట్లాడదామంది.

గౌస్ కూతురు జబీన్ డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. లుక్స్ డెలీషియస్ అంటే చూస్తుంటేనే నోరూరుతోందని. వాట్స్ ఇన్ ఇట్ అంటే ఇందులో ఏమేశావని. స్వరూప నెల రోజులు రొట్టె మీద ఒక్కో దెబ్బకు ఒక్కో మాట చొప్పున వల్లించింది. మెస్సులో అందరూ నవ్వినా ఆపలేదు.

అంతా నేర్చుకుంది గానీ, తల్లి రేణుకమ్మ నేర్పింది మాత్రం మరవలేదు. వాళ్ల వైపు వండినామె ముందు వంటను మెచ్చుకోరు. నచ్చితే ఇంకో రొట్టె అడుగుతారు, అంతే. ఎవరైనా నోరు జారి బాగుందంటే ఆమె వెంటనే "ఏం బాగుంది, ఉప్పు తక్కువైంది" అనాలి. లేకపోతే దిష్టి.

గురువారం రొట్టె, పుంటికూర ఫొటో పెట్టింది. మేడమ్ నుంచి మాట వచ్చింది: "లుక్స్ డెలీషియస్!"

స్వరూప వేళ్లు ఆగలేదు. "నో మేడమ్. సాల్ట్ లెస్."

"ఏందమ్మా, కూర చప్పగైంది!" అన్నాడు పక్కనుంచి తిమ్మప్ప, ముద్ద నోట్లో ఉండగానే. వండిన మనిషే ఆ మాట అన్నాక ఫొటో మాత్రం ఏం చేస్తుంది?

బెంగళూరు నుంచీ అదే కబురు. రుచి చప్పగా ఉంది, రేపు ఇంకొకామెతో మాట్లాడతాను అని. జబీన్ చదివి చెప్పేసరికి స్వరూప మొహం మాడిపోయింది.

"అక్కా, ఇంగ్లీషుల గట్లనరు. మెచ్చుకుంటే థాంక్యూ అని ఒప్పుకోవాలె."

"ఒప్పుకుంటే దిష్టి తగుల్తది జబీన్."

"తగిల్తే నేను తీస్త. నువ్వైతే రాయి."

స్వరూప తెరకేసి చూసింది. తెల్లారుజామున లేచి తన చేతులతో చేసిన వంట. ఉప్పు తనే చూసి వేసింది. దాని మీద తనే అబద్ధమాడింది. ఆమెకు తన మీద తనకే కోపమొచ్చింది.

"ఉప్పు సరిగ్గనే ఏసిన," అంది పైకే. కుర్చీ ముందుకు జరుపుకుని ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టింది. "థాంక్యూ మేడమ్. సాల్ట్ కరెక్ట్. ఐ మేడ్ ఇట్. ఇట్ ఈజ్ వెరీ గుడ్."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి గానీ ఒక్క అక్షరం కూడా చెరపలేదు.

తిమ్మప్ప డబ్బా అడుగు దాకా ఊడ్చుకుని తిన్నాడు. గౌస్ లేచి ఈగల్ని తోలాడు. జబీన్ పక్క మిర్చిబండి నుంచి గుప్పెడు ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు తెచ్చి స్వరూప చుట్టూ మూడుసార్లు తిప్పి, కంప్యూటరుకు కూడా తిప్పింది.

బెంగళూరు నుంచి ఒకే ఒక్క ముక్క వచ్చింది.

"వన్ మోర్ రోటీ, ప్లీజ్."

స్వరూప దానర్థం జబీన్‌ను అడగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫొటోలో ఉన్నదే ఒక్క రొట్టె.

"కమింగ్ మేడమ్," అని కొట్టింది. "సండే బస్."