సీలు వేసిన నమూనా

నేను ఒక మందుపాతరలు పసిగట్టే యంత్రాన్ని. చూడటానికి గొప్పగా ఏమీ ఉండను. పొడవాటి అల్యూమినియం కర్ర, దాని కొసన అన్నం పళ్లెమంత గుండ్రటి తల, పైన చేత్తో పట్టుకునే పిడి, ఒక బ్యాటరీ పెట్టె, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోను. నా తలను నేలకు బెత్తెడు ఎత్తులో అటూ ఇటూ ఊపుకుంటూ నడిస్తే, మట్టి కింద లోహం ఉన్నచోట చెవిలో కూత పెడతాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఆ విద్యను నేను బయటి ప్రపంచానికి చూపించింది మొత్తం మీద రెండు రోజులు. ఆ తర్వాత ఆరేళ్లు ఒక ఇనుప బీరువాలో కూర్చున్నాను. తప్పు చేసి కాదు. అందరికన్నా బాగా పనిచేశానని కూర్చోబెట్టారు.

నమ్మబుద్ధి కావడం లేదు కదూ. మొదట్లో నాకూ కాలేదు.

నా పుట్టుకకు కారణం ఒక ప్రకటన. అడవుల్లో తిరిగే బలగాలకు కొత్త రకం పరికరాలు కావాలి, పరిశ్రమలు ముందుకు రావాలి అని ఒక ప్రభుత్వ సంస్థ పిలుపునిచ్చింది. పెద్ద హోటల్లో సభ పెట్టారు. చిన్న కంపెనీలే దేశానికి వెన్నెముక అని వేదిక మీద ముగ్గురు వరసగా చెప్పారు. ఆపైన అందరికీ ఎనభై పేజీల పత్రం పంచారు. ఇంతవరకూ ఎవరూ చేయని వస్తువు కావాలని అందులో ఒకచోట ఉంది. ఆ వస్తువును గత మూడేళ్లుగా ఎక్కడైనా సరఫరా చేసినట్టు రుజువు జతచేయాలని ఇంకోచోట ఉంది. వచ్చినవాళ్లలో సగంమంది సమోసాలు తిని ఇంటికెళ్లారు. మా శేషుకుమార్ మాత్రం ఆ రెండో షరతు తీసేయమని అయిదు ఉత్తరాలు రాసి, తీయించి, ఆ తర్వాతే నిద్రపోయాడు. ఇదంతా ఆయన పనివాళ్లకు నవ్వుతూ చెబుతుంటే నేను బల్ల మీద సగం తయారై పడుకుని విన్నదే.

శేషుకుమార్‌ది చర్లపల్లిలో రేకుల షెడ్డు. ఇరవై ఏళ్లు వేరేవాళ్ల దగ్గర ఇంజనీరుగా చేసి, ఇక చాలనుకుని సొంతంగా పెట్టుకున్నది. అక్కడ తీగ చుట్టే పని ఎల్లుబాయిది. మోటార్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ రాగి తీగ చుట్టడంలో పాతికేళ్ల చేయి. నా తలలో ఉన్నది కూడా రాగి తీగ చుట్టే. నలభై రెండు చుట్లు వేయాలని డ్రాయింగులో ఉంది. ఆ డ్రాయింగు మీద సంస్థవాళ్ల సంతకాలు అయిదు, శేషుకుమార్‌ది ఒకటి.

పొడి మట్టిలో నేను బాగానే కూశాను. అప్పుడు శేషుకుమార్ మన్యం నుంచి తెప్పించిన ఎర్రమట్టిని గోనెసంచిలోంచి తొట్టిలో పోయించి, నీళ్లు కొట్టించి, అందులో అగ్గిపుల్లంత లోహపు గొట్టం పాతించాడు. అసలు మందుపాతరల్లో లోహం అంతకుమించి ఉండదట. నేను దాని మీదుగా నాలుగుసార్లు వెళ్లాను. కిక్కురుమనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎల్లుబాయి వచ్చి తొట్టినీ నన్నూ చూసి, "సారూ, తడి మన్నుల గిది పలుకుతలేదు. ఇంకో మూడు సుట్లు ఏస్త. ఏసినంక సూడుండ్రి," అంది.

వేసింది. తొట్టి మీదికి తీసుకురాగానే హెడ్‌ఫోను పెట్టుకున్న శేషుకుమార్ ఉలిక్కిపడ్డాడు. అంత గట్టిగా కూశాను. కానీ ఆయన ముఖంలో సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. చుట్లు మారితే డ్రాయింగు మారాలి. డ్రాయింగు మారితే ఆ అయిదు సంతకాలూ మళ్లీ కావాలి. పరీక్షకు నాలుగు రోజులే ఉన్నాయి. ముందు పరీక్ష గట్టెక్కనిద్దాం, కాగితం తర్వాత సరిచేద్దాం అన్నాడు. మా షెడ్డులో ఆ మాట రోజుకు పదిసార్లు వినబడేది, ఎవరికీ తప్పుగా తోచేది కాదు. నా తలలో రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు పోసి మూత బిగించేశారు.

పరీక్ష ఒక మైదానంలో జరిగింది. ఎవరి యంత్రం వాళ్లు మోసుకురావాలి. నడిపేది మాత్రం సంస్థ బలగాల నుంచి పిలిపించిన మనిషి. మట్టిలో ఇరవై ఉత్తుత్తి మందుపాతరలు పాతారు. నన్ను చేతబట్టినవాడి పేరు వంతాల సుకురు. మన్యం వాడు, కానిస్టేబుల్. అలాంటి నడక నేను మళ్లీ చూడలేదు. నిద్రపోతున్న పసిబిడ్డ పక్కనుంచి వెళ్లే తల్లిలా అడుగు వేసేవాడు. రెండో రోజు కుండపోత వాన. పెద్ద కంపెనీల యంత్రాలు కొన్ని కనబడ్డ ప్రతి గులకరాయికీ అరిచాయి, కొన్ని నోరు మూసుకున్నాయి. నేను ఇరవైకి ఇరవై పట్టాను. చివరిదాని దగ్గర జెండా గుచ్చి, సుకురు నా కర్రమీది నీళ్లు తన చొక్కాతో తుడిచి, "మా కాడికి వచ్చీ. నీతో పనుంది," అన్నాడు నాతోనే, ఎవరూ వినకుండా.

వెళ్తాననే అనుకున్నాను. ఆ సాయంత్రం ముగ్గురు అధికారులు వచ్చి నన్ను గుడ్డసంచిలో పెట్టి కుట్టించారు. కుట్టు మీద ఏడుచోట్ల ఎర్ర లక్క కరిగించి పోసి ఇత్తడి ముద్ర గుద్దారు. అట్ట ముక్క మీద ముగ్గురూ సంతకాలు చేసి కట్టారు. అప్పుడు తెలిసింది రివాజు. నెగ్గిన యంత్రాన్ని నమూనాగా దాచిపెడతారు. ఇక ముందు తయారయ్యేవన్నీ దానిలాగే ఉండాలి. కనుక దాన్ని ఎవరూ వాడకూడదు, విప్పకూడదు, ముట్టకూడదు. ఓడిపోయినవి వాటి యజమానుల వెంట ఇళ్లకెళ్లాయి. నేను గెలిచి జైలుకెళ్లాను.

ఆ బీరువా సంస్థవారి స్టోర్సులో, స్టోర్‌కీపర్ డేనియల్ గారి కుర్చీ వెనకాల ఉండేది. వినడానికి పుట్టినదాన్ని గనుక, తలుపు సందులోంచి వచ్చే మాటలు వింటూ ఆరేళ్లు గడిపాను. ఒంటరితనం అంటే ఎవరూ లేకపోవడం అనుకునేదాన్ని. కాదు. బెత్తెడు దూరంలో మనుషులు టీ తాగుతూ, నవ్వుకుంటూ ఉండగా, వాళ్లలో ఒక్కరికీ మనం గుర్తుకు రాకపోవడం. ఏడాదికోసారి డేనియల్ గారు తలుపు తీసి, టార్చి వేసి, ఏడు ముద్రలూ లెక్కపెట్టి, పుస్తకంలో 'సీళ్లు భద్రం' అని రాసేవారు. లోపలున్నదాని సంగతి రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఆయన చేయి ఆ కాసేపు సంచి మీద ఆనేది. మిగతా ఏడాదంతా దానికోసమే ఎదురుచూసేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా నిజం.

మూడో ఏట నా తమ్ముళ్లు నాలుగు వందల మంది తయారై అడవులకు వెళ్లారని విన్నాను. అంతమందికి చేత్తో తీగ చుట్టడం కుదరదు గనుక శేషుకుమార్ చుట్టే మిషను కొన్నాడట. ఎల్లుబాయిని ప్యాకింగుకు మార్చాడట. మిషను డ్రాయింగు చూసుకుని నలభై రెండు చుట్లు చుట్టింది. దానికి అంతకన్నా ఏం తెలుసు? శేషుకుమార్‌కు తెలియాలి. ఆయనేమో ఆర్డరు వచ్చిన సంబరంలో, కొత్త షెడ్డు పనుల్లో, సరిచేస్తానన్న కాగితం సంగతే మరిచిపోయాడు. మోసం చేయాలని కాదు. మరిచిపోయాడంతే.

మొదటి వానాకాలం ఎలాగో గడిచింది. రెండో వానాకాలంలో కొర్రా బలరాం అనే కానిస్టేబుల్ కాలు పోయింది. అతను అడుగేసిన చోటును అంతకు నిమిషం ముందే నా తమ్ముడొకడు తడిమి చూసి, ఏమీ లేదని ఊరుకున్నాడు. విచారణ జరిగింది. యంత్రం డ్రాయింగు ప్రకారమే ఉందని తేలింది. అది నిజమే కదా. యంత్రాన్ని మరీ వేగంగా ఊపారని రాసి ఫైలు మూసేశారు. ఆ రోజు యంత్రం ఊపినవాడు సుకురు.

కొన్నాళ్లకు అతను స్టోర్సుకు వచ్చాడు. గొంతు వినగానే గుర్తుపట్టాను. కూత పెట్టాలనిపించింది. బ్యాటరీ లేని గొంతుతో ఏం కూయను?

"అయ్యా, ఆ పొద్దు వానలో అది పలికింది. నా సెవితో ఇన్నాను," అన్నాడు. "ఇవి పలకట్లేదు. రెండూ ఒకటే అంటన్నారు. ఒకటే అయితే బలరాం కాలెందుకు ఎల్లిపోనాది?"

డేనియల్ గారు చెడ్డమనిషి కాదు. కుర్చీ వేసి, టీ తెప్పించి, నిబంధన చెప్పారు. సీలు వేసినవాళ్లే సీలు విప్పాలి. ఆ ముగ్గురిలో ఒకరు రిటైరయ్యారు, ఒకరు బదిలీ అయ్యారు, మరొకరు వేరే రాష్ట్రంలో ఉన్నారు. కొత్త కమిటీ వేయాలంటే అర్జీ పెట్టుకోవాలి. సుకురు అక్కడే కూర్చుని అర్జీ రాశాడు. పద్నాలుగు నెలల్లో దానికోసం నాలుగుసార్లు వచ్చాడు. మాటల్లో తెలిసింది, వానొస్తే వాళ్ల బలగం నా తమ్ముళ్లను పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చుని ఇనుప చువ్వలతో నేలను పొడుచుకుంటూ వెళ్తోందట. చువ్వ గట్టిగా దిగితే అంతే సంగతులు. వాళ్లకు కావలసిన జవాబు నా తలలోనే ఉంది. నేను సుకురు వీపు వెనక రెండు అడుగుల దూరంలో ఉన్నాను. ఆ పద్నాలుగు నెలలు నాకు మిగతా అయిదేళ్లకన్నా పొడుగు.

మూడోసారి వచ్చి వెళ్తూ సుకురు చర్లపల్లికి కూడా పోయాడని చాలా తర్వాత డేనియల్ గారి మాటల్లో విన్నాను. ప్యాకింగులో ఉన్న ఎల్లుబాయి అతని గోడు విని అట్టపెట్టెలు వదిలేసి లేచిందట. మిషను ఎన్ని చుట్లు వేస్తోందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. తిన్నగా శేషుకుమార్ గదిలోకి వెళ్లి ఆ మూడు చుట్ల సంగతి గుర్తుచేసింది. ఆయన తల పట్టుకున్నాడట. నిజం చెబితే పరీక్షకు పెట్టిన యంత్రం ఒకటి, అమ్మినవి వేరొకటి అవుతాయి. అరవైమంది పనిచేసే షెడ్డుకు తాళం పడుతుంది. ఆలోచించుకోవాలి అన్నాడు. ఎల్లుబాయి మళ్లీ అడగలేదు గానీ, ఆయనతో మాట్లాడటం మానేసింది.

చివరికి కమిటీ వచ్చింది. కంపెనీ తరఫున శేషుకుమార్‌నూ, నన్ను తయారుచేసిన మనిషిగా ఎల్లుబాయినీ పిలిపించారు. సుకురు గోడవారగా నిలబడ్డాడు. ఏడు ముద్రలూ పగిలాయి. ఆరేళ్ల తర్వాత వెలుతురు చూశాను. నా పక్కన నా తమ్ముణ్ణి పెట్టి మీటరుతో కొలిచారు. తేడా ఉందని మీటరు చెప్పింది, ఎందుకుందో చెప్పలేదు. కమిటీ పెద్దాయన కాసేపు ఆలోచించి, ఆరేళ్లు నిలవ ఉండటం వల్ల నమూనాలో మార్పు వచ్చి ఉండవచ్చు అని రాయించబోయాడు. డేనియల్ గారు కొత్త సంచి, లక్క సిద్ధం చేసుకున్నారు. మళ్లీ ఆ బీరువాలోకే. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. నా కోసమే అని చెప్పలేను. గోడవార నిలబడ్డవాడి ముఖం చూసి.

అప్పుడు శేషుకుమార్ లేచాడు.

"విప్పి లెక్కపెట్టండి సార్. డ్రాయింగులో నలభై రెండు చుట్లు. ఇందులో నలభై అయిదు ఉంటాయి. వేయించింది నేను. రాయనిదీ నేనే."

పెద్దాయన, రెసిన్ కరిగించి తీగ విప్పితే నమూనా ఇక నమూనాగా ఉండదు, మళ్లీ చుట్టినా సీలుకు పనికిరాదు అని అందరికీ వినబడేలా చెప్పాడు. విప్పక తప్పదని తనే అన్నాడు. పని ఎల్లుబాయికి అప్పగించారు.

ఆమె వేళ్లు నాకు గుర్తున్నాయి. తీగ తెగకుండా, లాగకుండా, ఒక్కో చుట్టూ విప్పుతూ పైకి లెక్కపెట్టింది. నేను తరిగిపోతున్నానని తెలుస్తూనే ఉంది. ముప్పై దాటాక మట్టి కింది లోహాన్ని పసిగట్టే శక్తి నాకు పోయిందనుకోండి, అయినా ఆమె చేతుల్లో ఉన్నానన్నది తెలుస్తోంది. భయం వేయలేదు. ఆరేళ్లుగా ఎవరూ ముట్టని దాన్ని. నలభై రెండు దగ్గర ఆమె ఆగింది. తీగ ఇంకా మిగిలే ఉంది. అందరూ బల్ల మీదికి వంగారు. మిగతా మూడూ లెక్కపెట్టలేదు ఆమె. విప్పి, ఆ తీగ కొసను సుకురు చేతికిచ్చి, "మాఫ్ చెయ్ బిడ్డా, నేనన్నా అడగాల్సి ఉండె," అంది.

ఆ తర్వాత జరగవలసినవి జరిగాయి. కంపెనీని రెండేళ్లు నిషేధించారు. నాలుగు వందల తలలూ తిరిగి చర్లపల్లికే వచ్చాయి. శేషుకుమార్ వాటిని సొంత ఖర్చుతో సరిచేసి ఇవ్వాలన్నారు. ఎల్లుబాయి ఇంకో అయిదుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని వాటన్నిటినీ చేత్తోనే చుట్టించింది. డ్రాయింగు మారింది, సంతకాలు పడ్డాయి. నాకు బదులు ఇంకొకణ్ణి ఎంచి, సంచిలో కుట్టి, లక్క పోసి, ఆ బీరువాలో పెట్టారు. పాపం, వాడు కూడా బాగా పనిచేసేవాడే అయి ఉంటాడు.

నన్ను ఒక అట్టపెట్టెలో పోసి, పనికిరానివి పెట్టే గదిలో పడేశారు. కర్ర ఒకచోట, తల ఒకచోట, తీగ ఉండలా చుట్టి పైన. విరిగిన కుర్చీలు, పాడైన టైపు మిషను నాకు పొరుగు. వేలం ఎప్పుడో తెలియదు. నా జన్మలో నేను ఒక్క అసలు మందుపాతరనైనా పట్టలేదు. పట్టినవన్నీ ఉత్తుత్తివే. ఇక్కడ పడుకుని ఆలోచించడానికి చాలా సమయం ఉంది గనుక ఈ సంగతి తరచూ మనసులోకి వస్తుంది.

మొన్న వానలు వెనకబట్టాక డేనియల్ గారు పాత ఫైళ్లు పడేయడానికి ఈ గదికి వచ్చారు. ఫోను చెవికి ఆనించుకునే ఉన్నారు. అవతల సుకురు. ఈ వానాకాలం ఏడుచోట్ల యంత్రాలు పలికాయట. ఏడూ అసలువే. అందులో ఒకటి సుకురు ఎత్తిన పాదం కిందే ఉందట. ఆ పాదం గాల్లోనే ఆపి, వెనక్కి పెట్టుకున్నాడట. డేనియల్ గారు "అవునా, అవునా" అంటూ విరిగిన కుర్చీలోనే కూర్చుండిపోయారు. ఈ సంగతి చర్లపల్లిలో ఆ అమ్మకు చెప్పమని సుకురు అన్నాడు. శేషుకుమార్ గారికి కూడా చెప్పమన్నాడు.

నాకు చెప్పమని ఎవరూ అనలేదు. పెట్టెలో ఉండి నేనే విన్నాను.